మూడో వరుసలో కూర్చుని బేరం మొదలుపెట్టండి: స్కార్పియో-ఎన్ తీసుకోవాలా, ఎక్స్‌యూవీ700 తీసుకోవాలా

ఏడుగురు పట్టే బండి కోసం షోరూంకు పోయినవాళ్లు ముందు డ్రైవర్ సీట్లో కూర్చుంటారు. స్టీరింగ్ పట్టుకుని చూస్తారు, స్క్రీన్ నొక్కుతారు, సన్‌రూఫ్ తెరిపిస్తారు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి అడ్వాన్స్ కట్టి వస్తారు. వెనకాల మూడో వరుసలోకి మాత్రం ఎవరూ ఎక్కి చూడరు. డబ్బు పెట్టిందే ఆ రెండు సీట్ల కోసమని బండి ఇంటికొచ్చాక గానీ గుర్తుకు రాదు. మొదటిసారి శ్రీశైలం పోయినప్పుడు, దోమలపెంట దాటి డ్యాం దగ్గరికి దిగే మలుపుల్లో వెనక కూర్చున్న పిల్లకు కడుపులో తిప్పుతుంది. పక్కన నాయనమ్మ మోకాళ్లు గడ్డం దాకా ముడుచుకుని ఉంటాయి. అప్పటికి చేయగలిగేది ఏమీ ఉండదు.

అందుకే ఈ ఎంపికను తిరగేసి, వెనక నుంచి ముందుకు చేయాలి. మూడో వరుసలో ఎవరు కూర్చుంటారు, నెలకు ఎన్నిసార్లు, ఎంత దూరం? వాళ్లు కూర్చున్నాక సామాను ఎక్కడ పెడతారు? ఈ రెండు ప్రశ్నలకు ఇంట్లో జవాబు తేలితే స్కార్పియో-ఎన్నా, ఎక్స్‌యూవీ700నా అన్నది సగం తేలినట్టే.

నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ఈ రెండింటి మధ్యే ఎక్కువమంది ఊగిసలాడటానికి కారణం ఉంది. రెండూ మహీంద్రావే. రెండింట్లోనూ 2.2 లీటర్ల డీజిల్, 2 లీటర్ల పెట్రోల్ ఇంజన్లే. చక్రాల మధ్య దూరం కూడా రెండింటికీ ఒక్కటే, 2,750 మిల్లీమీటర్లు. ధరలు కూడా ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. దాంతో సేల్స్‌మన్ ఏది ముందు డెలివరీ ఇవ్వగలిగితే దాన్ని పొగుడుతాడు. ఎక్స్‌యూవీ700 2021లో వచ్చింది, స్కార్పియో-ఎన్ 2022లో వచ్చింది. 2026 జనవరి నుంచి 700నే మార్పులు చేసి ఎక్స్‌యూవీ 7ఎక్స్‌ఓ పేరుతో అమ్ముతున్నారు. ఇక్కడ చెప్పే అంకెలు 700వి. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతున్నదీ అదే.

ఒకే ఇంజన్, రెండు వేర్వేరు బండ్లు

స్కార్పియో-ఎన్ కింద లారీకి ఉన్నట్టు రెండు పొడుగాటి ఉక్కు దూలాలు ఉంటాయి. వాటి మీద బాడీని రబ్బరు దిమ్మలు వేసి బోల్టులతో బిగిస్తారు. దీన్నే లాడర్ ఫ్రేమ్ అంటారు. ఇంజన్ బలం వెనక చక్రాలకు పోతుంది. ఎక్స్‌యూవీ700కు ఆ దూలాలు లేవు. బాడీ, అడుగుభాగం అంతా కలిపి ఒకే పెట్టెలాగ వెల్డింగ్ చేసిన మోనోకాక్ అది. ఇంజన్ బలం ముందు చక్రాలకు పోతుంది.

ఇది ఇంజనీర్లకే పట్టే తేడా అనుకోవద్దు, ఇంటిల్లిపాదికీ తగిలేది ఇదే. దూలాలు ఉన్న బండికి లోపలి ఫ్లోర్ ఎత్తులో వస్తుంది. ఫ్లోర్ ఎత్తైతే వెనక సీటుకు, పాదాలకు మధ్య దూరం తగ్గి మోకాళ్లు పైకి లేస్తాయి. ఎక్కడానికి కాలు ఎక్కువ ఎత్తాలి. మోనోకాక్‌లో ఫ్లోర్ కిందికి ఉంటుంది కాబట్టి 700 పైకప్పు స్కార్పియో కంటే నాలుగు అంగుళాలు తక్కువ ఎత్తున్నా (1,755 మిల్లీమీటర్లు, స్కార్పియోది 1,857) లోపల కూర్చునేవాళ్లకు ఆ లోటు తెలియదు.

వెనక చక్రాల సంగతి కూడా అంతే. స్కార్పియో-ఎన్ వెనక రెండు చక్రాలనూ కలిపి ఒకే యాక్సిల్ ఉంటుంది. ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రానికీ ఆ కదలిక చేరుతుంది. ఆ యాక్సిల్ పక్కకు జరగకుండా వాట్స్ లింకేజ్ అనే కడ్డీల అమరిక పెట్టి మహీంద్రా బాగానే కట్టడి చేసింది, పాత స్కార్పియోతో పోల్చలేం. అయినా మూడో వరుస ఆ యాక్సిల్ నెత్తిమీదే ఉంటుంది. 700లో వెనక చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. అదే స్పీడ్ బ్రేకర్, అదే వేగం, వెనక కూర్చున్నవాళ్లకు తగిలే దెబ్బలో తేడా నడుముకు తెలుస్తుంది.

మూడో వరుస, దగ్గర నుంచి

షోరూంలో ఇలా చేయండి. బండి నడిపేది ఎవరో వాళ్లు ముందు కూర్చుని తమకు కావలసినట్టు సీటు జరుపుకోవాలి. ఆ సీటు వెనక ఇంట్లో పొడుగ్గా ఉన్న మనిషి రెండో వరుసలో కూర్చోవాలి. ఆ తర్వాతే మూడో వరుసలోకి మనిషిని ఎక్కించాలి. ఈ వరస తప్పి, ఖాళీ బండిలో నేరుగా వెనక్కి పోయి కూర్చుంటే అన్ని బండ్లూ విశాలంగానే కనిపిస్తాయి. ఇన్నోవాలో రెండో వరుస సీటును కొంచెం ముందుకు జరిపి వెనకవాళ్లకు చోటు ఇవ్వొచ్చు. ఈ రెండింట్లో రెండో వరుస వీపు వాలుతుందే గానీ సీటు జరగదు. మోకాళ్ల చోటు ఎంత ఉంటే అంతే.

ఎక్కడం దగ్గరే మొదటి తేడా తెలుస్తుంది. స్కార్పియో-ఎన్‌లో ముందు సైడ్ స్టెప్పు మీద కాలు పెట్టి, తల వంచి, మడిచిన రెండో వరుస సీటు పక్క నుంచి దూరాలి. చీర కట్టుకున్న అరవై ఏళ్ల మనిషికి ఇది కష్టమే. 700లో ఎక్కే ఎత్తు తక్కువ, కానీ దూరే సందు అందులోనూ ఇరుకే. మధ్యలో బెంచీ బదులు విడివిడి కెప్టెన్ సీట్లు ఉన్న ఆరు సీట్ల రకం రెండు బండ్లలోనూ ఉంది. రెండు సీట్ల మధ్య సందు కనబడి అందులోంచి వెనక్కి పోవచ్చని దాన్ని తీసుకునేవాళ్లు ఉన్నారు. పిల్లలు పోతారు, పెద్దవాళ్లు పోలేరు. పైగా ఒక సీటు తగ్గి ఆరుగురి బండి అవుతుంది. తాత, నాయనమ్మ, మీరిద్దరు, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంటికి అది నష్టం.

ఇక గాలి. ఎండాకాలం నల్గొండ ఎండ ఎట్లుంటుందో చెప్పనక్కర్లేదు. స్కార్పియో-ఎన్‌లో మూడో వరుసకు ఏసీ వెంట్లు లేవు. రెండో వరుస మధ్యలో ఉన్న వెంట్ల గాలే సీట్ల సందుల్లోంచి వెనక్కి పోవాలి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో జరిగేది ఇది: వెనకవాళ్లు ఉక్కపోస్తోందంటే బ్లోయర్ పెంచుతారు, రెండో వరుసలో కూర్చున్న పెద్దాయనకు చలి పెట్టి తగ్గించమంటాడు, ప్రయాణమంతా ఇదే పంచాయితీ. 700 మూడో వరుసకు వెంట్లు ఉన్నాయి. అయినా మీరు తీసుకునే వేరియంట్‌లో ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూసుకోండి, బ్రోచర్ మాట వద్దు. పరీక్ష కూడా మధ్యాహ్నం రెండింటికి చేయండి. ఎండలో నిలిపిన బండిలో ఏసీ వేసి, మూడో వరుసలో పదిహేను నిమిషాలు కూర్చుంటే మే నెల ఎట్లుంటుందో తెలిసిపోతుంది. అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించి సరిచేసుకుందామంటే కుదరదు. 2012లోనే సుప్రీంకోర్టు ఫిల్మ్ అంటించడాన్ని నిషేధించింది. ఊళ్లో షాపులవాళ్లు వేస్తారు, చలానా మాత్రం మీకు వస్తుంది.

మూడోది సామాను. ఏడుగురూ కూర్చున్నాక రెండు బండ్లలోనూ వెనక మిగిలేది తక్కువే. అయితే 700లో మూడో వరుస రెండు ముక్కలు. ఒకవైపు మడిచి సూట్‌కేసులు పెట్టి, రెండోవైపు ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టొచ్చు. మడిస్తే ఫ్లోర్‌తో సమానంగా పడుకుంటుంది. స్కార్పియో-ఎన్‌లో మూడో వరుస ఒకే బెంచీ. మడిచినా ముందుకు లేచి నిలబడుతుంది, దాని మందం అంతా సామాను చోటునే తింటుంది. ఆరుగురు మనుషులు, మూడు పెద్ద బ్యాగులు, ఒక బియ్యం సంచితో ఊరికి పోయే ఇల్లు అయితే ఈ ఒక్క తేడాతోనే 700 వైపు మొగ్గాలి.

బ్యాగులు పైన కట్టుకుందామని క్యారియర్ వేయించేవాళ్లు ఒకటి ఆలోచించాలి. ఏడుగురు మనుషులే సగటున 65 కిలోల లెక్కన 455 కిలోలు. ఆపైన నెత్తిమీద బరువు వేస్తే, ముందే ఎత్తుగా ఉండే స్కార్పియో మలుపుల్లో మరింత పక్కకు ఒరుగుతుంది. 700లో పెద్ద సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ అయితే క్యారియర్ మాటే వద్దు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మూడో వరుసలో వారం వారం పెద్దవాళ్లే కూర్చోవలసిన ఇల్లు మీదైతే ఈ రెండూ మీకు సరైనవి కావు. పోయి ఇన్నోవా చూడండి. ఈ రెండు బండ్లలో మూడో వరుస పన్నెండేళ్లలోపు పిల్లలకు బాగుంటుంది, పెద్దవాళ్లకు గంట ప్రయాణానికి సరిపోతుంది. అంతకు మించి ఆశిస్తే వెనక కూర్చున్నవాళ్లే బాధపడాలి.

మన రోడ్ల మీద

విజయవాడ హైవే, జడ్చర్ల మీదుగా పోయే బెంగళూరు హైవే, ఈ రెంటి మీదే మీ తిరుగుడు అంతా అయితే ఆలోచించనక్కర్లేదు, 700 ఎక్కువ నిలకడగా పోతుంది. వేగంలో లేన్ మార్చినప్పుడు స్కార్పియో కొంచెం ఊగుతుంది, 700 ఊగదు. వెనక సీట్లలో నిద్రపోయేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

కల్వకుర్తి నుంచి దేవరకొండ వైపు, హాలియా నుంచి లోపలి ఊళ్లకు, అచ్చంపేట చుట్టుపక్కల తండాలకు పోయే రోడ్ల లెక్క వేరు. డాంబర్ అంచు తెగి అర అడుగు కిందికి ఉంటుంది, ఎదురుగా పత్తి ట్రాక్టర్ వస్తే ఒకవైపు చక్రాలు దింపక తప్పదు. చెప్పకుండా కట్టిన స్పీడ్ బ్రేకర్లు, కల్వర్టుల దగ్గర గుంతలు ఉంటాయి. ఇక్కడ స్కార్పియో-ఎన్ దెబ్బలను లెక్కచేయకుండా పోతుంది. మెల్లగా పోతే లోపలివాళ్లు ఊగుతారు గానీ కింద ఏదీ తగలదు. 700 ఇలాంటి చోట నడవదని కాదు, నడుస్తుంది. కాకపోతే ముందు బంపర్ కింది అంచును, 18 అంగుళాల చక్రాలకు వేసిన టైర్ల పక్కగోడను చూసుకుంటూ నడపాలి. అంచు తెగిన రోడ్డు ఎక్కేటప్పుడు ఆ పక్కగోడ కోసుకుపోతే దానికి పంక్చర్ వేయలేరు, టైరు మార్చాల్సిందే. పల్లె తిరుగుడు ఎక్కువగా ఉన్నవాళ్లు ఏ బండి తీసుకున్నా 17 అంగుళాల చక్రాలు ఉన్న వేరియంట్ తీసుకోవడమే మేలు. రబ్బరు ఎక్కువ ఉంటుంది, దెబ్బ కాస్తుంది.

వానాకాలం బాయి కాడికి పోయే సంగతి. చెలక నేలలో రెండూ పోతాయి. నల్లరేగడిలో మాత్రం తడిస్తే మట్టి టైరు గాళ్లలో నిండిపోయి టైరు రోలర్‌లాగ నున్నగా అవుతుంది. వెనక సామాను, మనుషులు ఉండి గట్టు ఎక్కుతున్నప్పుడు బరువంతా వెనక చక్రాల మీదికి పోతుంది. వెనక చక్రాలు తిప్పే స్కార్పియోకు అది పట్టు ఇస్తుంది. ముందు చక్రాలు తిప్పే 700కు అదే బరువు పట్టు తీసేస్తుంది, చక్రాలు అక్కడే తిరుగుతాయి. తిరుగుతున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఇంకో జానెడు దిగబడుతుంది. తొక్కడం ఆపి, వచ్చిన గాడిలోనే రివర్స్‌లో మెల్లగా వెనక్కి రావాలి. లాగడానికి బిగించే కొక్కెం టూల్ కిట్‌లో ఉంటుంది, అది ఎక్కడ బిగించాలో డెలివరీ రోజే అడిగి పెట్టుకోండి.

స్కార్పియో-ఎన్‌లో ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలూ తిరిగే రకం, డీజిల్‌కే వస్తుంది, మెల్లగా పోతూ ఎక్కువ బలంతో లాగే లో-రేంజ్ గేరు కూడా ఉంటుంది. 700లో నాలుగు చక్రాలూ తిరిగే రకం పై వేరియంట్ డీజిల్ ఆటోమేటిక్‌కే ఉండేది, దానికి లో-రేంజ్ లేదు. అది తడి రోడ్డు మీద పట్టుకోసమే, బురదకు కాదు. ఏడాదికి పది రోజులు బురద ఉంటుందని ఫోర్ బై ఫోర్‌కు పైన లక్షలు పెట్టి, మిగతా రోజులు దాని బరువుకు డీజిల్ పోయడం దండుగ. తోట ఊరికి దూరంగా ఉండి, వానాకాలం అంతా రోజూ పోవలసినవాళ్లకే అది అక్కరకు వస్తుంది.

డీజిలా, పెట్రోలా

మాన్యువల్ గేర్లతో 700 డీజిల్ 185 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) బలం, 420 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. ఆటోమేటిక్‌లో టార్క్ 450. స్కార్పియో-ఎన్ డీజిల్ 175 పీఎస్, మాన్యువల్‌లో 370, ఆటోమేటిక్‌లో 400. ఏడుగురితో ఘాట్ ఎక్కడానికి ఈ నాలుగింట్లో ఏదైనా చాలు. చూసుకోవలసింది కింది వేరియంట్ల దగ్గర. స్కార్పియో-ఎన్ జెడ్2, జెడ్4 డీజిల్ మాన్యువల్‌లో అదే ఇంజన్‌ను 132 పీఎస్, 300 న్యూటన్ మీటర్లకు తగ్గించి ఇచ్చారు. 700 ఎంఎక్స్ డీజిల్‌లో 155 పీఎస్, 360. తక్కువ ధరకు అదే ఇంజన్ వస్తోందనుకుని తీసుకున్నవాళ్లకు ఈ సంగతి తర్వాత తెలుస్తోంది. నలుగురితో తిరిగితే ఇబ్బంది లేదు. నిండా మనుషులతో ఏసీ వేసుకుని ఓవర్‌టేక్ చేయాలంటే 132 పీఎస్ స్కార్పియోలో ముందే గేరు దించుకోవాలి.

ఖర్చు లెక్క ఇలా వేయండి. నిండా మనుషులు, ఊరు, హైవే కలిపి డీజిల్ లీటరుకు 13, పెట్రోల్ 9 కిలోమీటర్లు అనుకుందాం. డీజిల్ 96 రూపాయలు, పెట్రోల్ 107 రూపాయలు పెడదాం. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగితే డీజిల్‌కు లక్షా 48 వేలు, పెట్రోల్‌కు 2 లక్షల 38 వేలు. తేడా 90 వేలు. ఏడాదికి 7,000 కిలోమీటర్లే అయితే తేడా 31 వేలు.

అంతమాత్రాన అందరికీ డీజిల్ మంచిదని కాదు. బీఎస్6 డీజిల్ సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, అందుకు బండి ఆగకుండా కొంతసేపు పరుగెత్తాలి. ఇంటి నుంచి గడియారం సెంటర్ దాకా, అక్కడి నుంచి పిల్లల బడి దాకా రెండు కిలోమీటర్ల చొప్పున తిరిగే బండిలో ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తారు. మసి పేరుకుంటుంది, దాన్ని కాల్చడానికి పోసిన అదనపు డీజిల్ కొంత ఆయిల్‌లో కలిసి, డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గాల్సింది పెరుగుతుంది. అది చూసి ఆయిల్ తగ్గలేదని సంతోషపడేవాళ్లు ఉన్నారు, నిజానికి అది ఆయిల్ పలచబడిందన్న గుర్తు. డీజిల్ తీసుకున్నవాళ్లు వారానికి ఒకసారి అరగంట హైవే మీద, ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లకు పైన ఉండేలా నడపాలి. ఫిల్టర్ లైటు వెలిగితే ఇల్లు వచ్చిందని ఆపేయకుండా లైటు ఆరేదాకా పోనివ్వాలి. ఇది కుదరని ఇంటికి పెట్రోలే మంచిది, మైలేజ్ తక్కువైనా సరే.

రెండు డీజిల్ బండ్లకూ డీఈఎఫ్ కూడా పోయాలి, చాలామంది యాడ్‌బ్లూ అంటారు. 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధమైన నీళ్లు అది. దానికి వేరే మూత ఉంటుంది. అయిపోవస్తే స్క్రీన్ మీద చాలా ముందు నుంచే హెచ్చరిస్తుంది. పట్టించుకోకపోతే ఒకసారి ఆపాక ఇంజన్ మళ్లీ స్టార్ట్ కాదు. పొరపాటున డీజిల్ ట్యాంకులో డీఈఎఫ్ పోస్తే తాళం తిప్పొద్దు. తిప్పితే పంపు, ఇంజెక్టర్ల దాకా పోయి లక్షల్లో పడుతుంది. బండిని తోసి పక్కకు పెట్టి, ట్యాంకు ఖాళీ చేయించాలి.

నక్షత్రాల లెక్క

రెండింటికీ, కార్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో పెద్దవాళ్ల భద్రతకు ఐదు నక్షత్రాలు వచ్చాయి. పిల్లల భద్రతకు 700కు నాలుగు (49కి 41.66), స్కార్పియో-ఎన్‌కు మూడు (49కి 28.93). ఇక్కడ ఒక మెలిక ఉంది. 700ను 2021లో పాత నిబంధనల మీద పరీక్షించారు. స్కార్పియో-ఎన్‌ను 2022లో, పక్క నుంచి గుద్దే పరీక్ష లాంటివి కలిపిన కఠినమైన కొత్త నిబంధనల మీద పరీక్షించారు. కాబట్టి ఒకదాని అంకె పక్కన ఇంకోదాని అంకె పెట్టి ఇది మేలని తేల్చకూడదు.

వెనక అద్దానికి మూడో వరుస తలలు ఎంత దగ్గర ఉంటాయో చూస్తే నక్షత్రాల కంటే ముఖ్యమైన విషయం అర్థమవుతుంది. చిన్నపిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు రెండో వరుసలోనే ఉంటాయి. నాలుగేళ్లలోపు పిల్లలు అక్కడే ఉండాలి, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. వెనకవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలన్నది చట్టం. సీటు కవర్లు వేయించేటప్పుడు మూడో వరుస బెల్టుల బకిల్స్ కవరు కిందికి పోతాయి. తర్వాత వాటిని పైకి తీసేవాళ్లే ఉండరు. కవర్లు వేసేవాడి దగ్గర నిలబడి వాటిని పైకి తీయించండి.

ముందు కెమెరా చూసి తనంతట తాను బ్రేకు వేసే ఏడాస్ 700 పై వేరియంట్లలో మొదటి నుంచీ ఉంది, స్కార్పియో-ఎన్‌లో 2025లో పై వేరియంట్‌కు వచ్చింది. హైవే మీద పనికొస్తుంది. పట్నాల్లో రాంగ్ సైడ్‌లో వచ్చే బైకులకు ఉలిక్కిపడి బ్రేకు వేస్తుంది, వెనక వచ్చేవాడు మనల్ని గుద్దొచ్చు. ముందు అద్దం పగిలితే అద్దంతో పాటు ఆ కెమెరాను మళ్లీ సరిచూపించాలి, బయట షాపులో అద్దం వేయిస్తే ఆ పని జరగదు.

ధర, పన్ను, గేటు

2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సైజు బండ్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి పడే పన్ను 40 శాతానికి తగ్గింది. సెకండ్ హ్యాండ్ 700 చూస్తున్నవాళ్లకు ఇది బేరంలో పనికొస్తుంది. అంతకు ముందు కొన్నాయన తాను పెట్టిన పాత ధరలోంచి తరుగుదల లెక్క చెబుతాడు. మీరు ఇవాళ్టి కొత్త బండి ధర నుంచి లెక్క మొదలుపెట్టండి. 700లో ఐదు సీట్లవి కూడా ఉన్నాయి, ఫొటో చూసి ఏడు సీట్లదనుకుని అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే 35వ నంబరు ఫారం, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు.

కొత్తదైతే తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ శ్లాబు 20 లక్షల దగ్గర మారుతుంది. 20 లక్షలకు కొంచెం పైన ఉన్న వేరియంట్‌కు, కొంచెం కింద ఉన్నదానికి షోరూం ధరలో తేడా చిన్నదే అనిపిస్తుంది. ఆన్‌రోడ్ కొటేషన్ రెండింటికీ రాయించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. అదే పేరు మీద ఇది రెండో బండి అయితే పన్ను ఇంకొంచెం ఎక్కువ, ఇంట్లో ఇంకొకరి పేరు మీద తీసుకోవచ్చేమో ముందే ఆలోచించుకోండి.

తిరిగి అమ్ముకోవడం దగ్గర పల్లెల్లో స్కార్పియో పేరుకున్న గిరాకీ వేరు. 2002 నుంచి ఆ పేరు అందరి నోళ్లలో ఉంది.

గేటు టేపుతో కొలవండి. స్కార్పియో-ఎన్ వెడల్పు 1,917 మిల్లీమీటర్లు, అంటే ఆరడుగుల మూడున్నర అంగుళాలు, అద్దాలు కలపకుండానే. 700 దానికంటే అంగుళం తక్కువ. ఏడడుగుల గేటులో అద్దాలు మడిచి రోజూ పెట్టడం విసుగు. పొడుగు రెండింటికీ పదిహేనున్నర అడుగుల దాకా ఉంటుంది. కానీ స్కార్పియో వెనక డోరు పైకి లేవదు, బీరువా తలుపులాగ పక్కకు తెరుచుకుంటుంది. వెనక గోడకు ఆనించి పెడితే సామాను తీయలేరు, ఇంకో మూడడుగులు వదలాలి.

ఏ ఇంటికి ఏది

ఊళ్లో ఉద్యోగం, హైదరాబాద్ రాకపోకలు, ఏడాదికి రెండుసార్లు తిరుపతి, వెనక ఇద్దరు పిల్లలు: 700. పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పులు ఉన్న ఇల్లయినా 700నే, పెద్దవాళ్లను రెండో వరుసలో, పిల్లలను వెనక కూర్చోబెట్టి. వ్యవసాయం ఉండి, బత్తాయి తోటకో వరి పొలానికో వారంలో నాలుగు రోజులు పోయేవాళ్లు, ఎక్కువ రోజులు బండిలో నలుగురే ఉండి పండగకో పెళ్లికో ఏడుగురు ఎక్కేవాళ్లు: స్కార్పియో-ఎన్, డీజిల్, 175 పీఎస్ ఉన్న వేరియంట్ నుంచి. ఈ రెండింట్లోనూ పడని ఇంటికి టెస్ట్ డ్రైవే తేల్చాలి. అది షోరూం చుట్టూ ఒక చుట్టు కాదు. మీ మనుషులనే ఎక్కించండి. మహబూబ్‌నగర్‌లో ఉన్నవాళ్లు మన్యంకొండ గుట్ట దాకా అడగండి, ఎక్కుడూ దిగుడూ మలుపులూ అన్నీ అక్కడే దొరుకుతాయి. పోయేటప్పుడు మీరు నడపండి, వచ్చేటప్పుడు మూడో వరుసలో కూర్చోండి.

డెలివరీ రోజు ముహూర్తం హడావిడిలో చూడకుండా వదిలేసేవి రెండున్నాయి. స్టెప్నీ అసలు సైజుదా, సన్నదా అని దింపించి చూడండి. సన్నదైతే దాని మీదే వేగ పరిమితి రాసి ఉంటుంది, మామూలుగా గంటకు 80. శ్రీశైలం దారిలో అడవి మొదట్లో ఉండే మన్ననూర్ గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, సాయంత్రం అడవిలో పంక్చర్ అయితే ఆ వేగంతో లెక్కేసుకోవాలి. రెండోది టైర్లలో గాలి. స్టాక్‌యార్డ్‌లో ఎక్కువ కొట్టి ఉంచుతారు, అట్లనే ఇంటికి తెస్తే బండి గంతులేస్తుంది. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. అందులో నలుగురికి ఒక అంకె, నిండా మనుషులకు ఇంకో అంకె ఉంటాయి. ఏడుగురితో బయలుదేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, రెండో అంకె దాకా కొట్టించండి.